బ్యాటరీ డౌన్ అయిన కారుకు లిథియం జంప్ స్టార్టర్‌ను ఎంతవరకు నమ్మవచ్చు?

మీరు అడిగింది ఇది: ఇంట్లో రెండు కార్లు ఉన్నాయి. ఒకటి హైదరాబాదులో అపార్ట్‌మెంటు సెల్లారులో వారాల తరబడి కదలకుండా ఉండే 1.2 లీటర్ల పెట్రోలు కారు. రెండోది పల్నాడులో నాన్నగారి దగ్గరున్న 2.2 లీటర్ల డీజిలు బండి, దాని బ్యాటరీ వయసు ఐదేళ్లు. బ్యాటరీ డౌన్ అయినప్పుడు తగిలించి బండిని స్టార్ట్ చేసే చిన్న డబ్బా, లిథియం జంప్ స్టార్టరు, ‘2000 ఆంపియర్లు, 20000 ఎంఏహెచ్’ అని రాసి ఉన్నది ఆన్‌లైనులో నాలుగు వేల లోపు దొరుకుతోంది. అది అవసరానికి నిజంగా పనిచేస్తుందా, లేక షికాగోలో ఉన్న అన్నయ్య చేత మంచిది తెప్పించుకోవాలా?

కార్ల ఎలక్ట్రికల్ పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను కాబట్టి సూటిగానే చెబుతాను. మీ పెట్రోలు కారుకు మంచి జంప్ స్టార్టరు దాదాపు ప్రతిసారీ పనిచేస్తుంది. నాన్నగారి బండి విషయంలో దాని మీద ఆశ పెట్టుకోకండి. తేడా కొంత ఇంజిను సైజులో ఉంది, అంతకంటే ఎక్కువగా బ్యాటరీ స్థితిలో ఉంది. ఈ పరికరం ఖాళీ అయిన బ్యాటరీకి చేయందిస్తుంది. చచ్చిపోయిన బ్యాటరీకి బదులుగా నిలబడటం దాని పని కాదు, అమ్మేవాళ్లు అలా చెప్పినా సరే.

ముందు పెట్రోలు కారు సంగతి. కారు ఆపి తాళం వేసి వచ్చేసినా లోపల కొన్ని పరికరాలు మేలుకునే ఉంటాయి. రిమోట్ సిగ్నల్ కోసం ఎదురుచూసే రిసీవరు, అలారం, గడియారం ఇలాంటివి. ఏ లోపమూ లేని కారులో కూడా ఇవన్నీ కలిసి 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్లు లాగుతాయి. 50 అనుకుంటే రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు, మూడు వారాలకు 25. చిన్న పెట్రోలు కార్లలో సాధారణంగా ఉండేది 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ. మీరు సంక్రాంతికి ఊరెళ్లి, అక్కడి నుంచే ఇంకెక్కడికో వెళ్లి, నెల తర్వాత తిరిగివస్తే అది సెల్ఫ్ తిప్పలేకపోవడంలో వింత ఏమీ లేదు. డాష్ కెమెరాను పార్కింగ్ మోడ్‌లో వదిలిపెట్టి ఉంటే నెల కూడా పట్టదు, వారం చాలు.

ఇలా డౌన్ అయిన బ్యాటరీని మల్టీమీటరుతో చూస్తే 11.5 నుంచి 12 వోల్టుల మధ్య చూపిస్తుంది. (నిండుగా ఉంటే 12.6 పైన, 12.2 దగ్గర సగం.) దాని పలకలు బాగానే ఉన్నాయి, ఛార్జి మాత్రమే లేదు. జంప్ స్టార్టరు తగిలించగానే ఆ మిగిలిన కాస్త శక్తీ, దీని శక్తీ కలిసి సెల్ఫ్ మోటారును తిప్పుతాయి. ఇంజిను వేడి దేశపు ఇంజిను, ఆయిలు పలచగానే ఉంటుంది, రెండు సెకన్లలో అందుకుంటుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూస్తే పెట్టె మీది అంకెల సంగతి తేలిపోతుంది. 1.2 లీటర్ల పెట్రోలు ఇంజిను తిరగడానికి సుమారు 150 ఆంపియర్లు కావాలి. 10 వోల్టుల దగ్గర రెండు సెకన్లు తిప్పితే ఖర్చయ్యేది 3000 జౌళ్లు, అంటే ఒక వాట్ అవరు కూడా కాదు. డీజిలుకు 300 ఆంపియర్ల చొప్పున మూడు సెకన్లు వేసుకున్నా రెండున్నర వాట్ అవర్లే. మీరు చూసిన డబ్బాలో 20000 ఎంఏహెచ్ నిజంగానే ఉంటే, ఆ లెక్క ఒక్కో లిథియం సెల్ వోల్టేజీ 3.7 మీద కట్టినది కాబట్టి, 74 వాట్ అవర్లు ఉన్నట్టు. అవసరానికి ఎన్నో రెట్లు. కాబట్టి ఎంఏహెచ్ చూసి మురిసిపోనక్కర్లేదు. అది మీ ఫోను ఎన్నిసార్లు ఛార్జి అవుతుందో చెబుతుంది, కారు స్టార్ట్ అవుతుందో లేదో చెప్పదు. అమెరికా కంపెనీ నోకో వారి జీబీ40 అనే మోడలులో ఉండేది 24 వాట్ అవర్ల బ్యాటరీయే. దాన్ని వాళ్లు 6 లీటర్ల పెట్రోలు, 3 లీటర్ల డీజిలు ఇంజిన్ల వరకు అని అమ్ముతున్నారు.

అసలు ప్రశ్న శక్తి ఎంత అని కాదు, ఒక్కసారిగా ఎంత కరెంటు ఇవ్వగలదు, ఇచ్చేటప్పుడు వోల్టేజీ ఎంత పడిపోతుంది అని. ‘2000 ఆంపియర్లు’ అనే మాట బోలుతనం ఇక్కడే బయటపడుతుంది. ఈ డబ్బాల్లో ఎక్కువ వాటిలో మూడు లిథియం సెల్స్ వరసగా ఉంటాయి, నిండితే 12.6 వోల్టులు. 20000 ఎంఏహెచ్ అంటే మూడింటికి పంచితే ఒక్కో సెల్ సామర్థ్యం సుమారు 6.7 ఆంపియర్ అవర్లు. ఈ పని కోసం తయారుచేసే సెల్స్ కొన్ని సెకన్ల పాటు తమ సామర్థ్యానికి 30 నుంచి 60 రెట్లు కరెంటు ఇస్తాయి. అంటే 200 నుంచి 400 ఆంపియర్లు. 2000 రావాలంటే 300 రెట్లు కావాలి! పీక్ ఆంపియర్లకు అందరూ పాటించే కొలత పద్ధతంటూ లేదు, అందుకే ఎవరికి తోచిన అంకె వాళ్లు అచ్చువేస్తారు. మామూలు కారు బ్యాటరీకి మాత్రం సీసీఏ అనే కొలత ఉంది: మైనస్ 18 డిగ్రీల చలిలో, 30 సెకన్ల పాటు, వోల్టేజీ 7.2 కంటే తగ్గకుండా ఎంత కరెంటు ఇవ్వగలదో అది. జంప్ స్టార్టరు పెట్టె మీది అంకెను దీనితో పోల్చి ‘నా బ్యాటరీకి 300, దీనికి 2000’ అనుకోవడం పొరపాటు.

మరి ఏం చూసి కొనాలి? నేనైతే ముందు తీగలు చూస్తాను. పొట్టిగా, లావుగా ఉండాలి. పైన రబ్బరు లావుగా ఉండి లోపల రాగి సన్నగా ఉన్నవి చాలా వస్తున్నాయి. తర్వాత క్లిప్పులు. చవక రకాల్లో రెండు దవడల్లో ఒకదానికే తీగ కలిపి ఉంటుంది, రెండోది ఊరికే పట్టుకోవడానికి. అలాంటిది చేతికొస్తే తీగ ఉన్న దవడను సీసం టెర్మినల్‌కు ఆనించి పట్టించాలి, లేకపోతే అంత కరెంటూ క్లిప్పు మధ్యలోని ఇనుప పిన్ను గుండా పోవాల్సి వస్తుంది. ఆపైన, కంపెనీ ఎన్ని లీటర్ల ఇంజిను వరకు అని రాసిందో చూసి దానిలో సగమే నమ్మండి. చివరిగా పెట్టె మీద వాట్ అవర్లు, వారంటీ ఇచ్చే వాళ్ల చిరునామా రాసి ఉన్నాయా లేదా అన్నది. ఫోను ఛార్జింగు, టార్చిలైటు, గాలి కొట్టే పంపు లాంటి హంగులు ఎన్ని ఉంటే అసలు పనికి పెట్టిన ఖర్చు అంత తగ్గి ఉంటుందని నా అనుమానం. పంపు వరకు క్షమించవచ్చు, పంక్చర్లు బ్యాటరీల కంటే తరచుగా వస్తాయి.

ఇక నాన్నగారి బండి. మన ఎండల్లో లెడ్ యాసిడ్ బ్యాటరీ మూడు నాలుగేళ్లు సక్రమంగా పనిచేస్తే గొప్ప. రెంటచింతల వైపు మే నెలలో 45 డిగ్రీలు దాటుతుంది, బానెట్ కింద ఇంకా ఎక్కువ. వేడి పది డిగ్రీలు పెరిగితే లోపలి రసాయనిక చర్యల వేగం సుమారు రెండింతలవుతుంది, ఆయుష్షు ఆ మేరకు తరుగుతుంది. బ్యాటరీని చంపేది ఎండ. చలికాలం పొద్దున సెల్ఫ్ బరువుగా తిరిగినప్పుడు ఆ చావు బయటపడుతుంది, అంతే.

ఐదేళ్ల బ్యాటరీ రెండు రకాలుగా పోయి ఉండవచ్చు. పలకల మీద సల్ఫేటు గట్టిపడి ఉంటే అది కరెంటు ఇవ్వలేదు, తీసుకోలేదు. అప్పుడు భారమంతా జంప్ స్టార్టరు ఒక్కదాని మీదే పడుతుంది. చిన్న పెట్రోలు ఇంజినుకు అప్పటికీ సరిపోవచ్చు. 2.2 లీటర్ల డీజిలుకు 300 ఆంపియర్లు లాగేసరికి వోల్టేజీ 9 కిందికి జారిపోతుంది, సెల్ఫ్ తిరుగుతున్నట్టే ఉంటుంది గానీ ఇంజిను కంప్యూటరు మధ్యలో ఆగి మళ్లీ మొదలవుతూ ఉంటుంది, బండి అందుకోదు. రెండో రకం ఇంకా చెడ్డది. బ్యాటరీలోని ఆరు గదుల్లో (సెల్స్) ఒకటి లోపల షార్టయి ఉంటుంది. మిగిలిన అయిదు గదులూ బాగానే ఉన్నా మొత్తం 10.5 వోల్టులు దాటదు. దీనికి జంప్ స్టార్టరు తగిలిస్తే చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. సెల్ఫ్ కొట్టకముందే డెబ్బై వంద ఆంపియర్లు ఆ పాడైన బ్యాటరీయే మింగేస్తుంది, మిగిలినది మోటారుకు చాలదు. డబ్బా వేడెక్కి తనంతట తానే ఆగిపోతుంది. ‘చైనా సరుకు, ఒక్కసారికే పోయింది’ అని కొందరు రాసే ఫిర్యాదుల వెనుక ఇలాంటి బ్యాటరీ ఉంటే నేను ఆశ్చర్యపోను.

అలాంటప్పుడు పాత బ్యాటరీ తీగలు విప్పేసి జంప్ స్టార్టరును నేరుగా తీగలకే పట్టిస్తే స్టార్ట్ అవుతుంది కదా అని కొందరు మెకానిక్‌లు చేసి చూపిస్తారు. అవుతుంది, నిజమే. తర్వాత డబ్బా తీసేయగానే డైనమో నుంచి వచ్చే కరెంటును అణిచిపట్టే బ్యాటరీ ఏదీ ఉండదు. ఒక్క వోల్టేజీ కుదుపు చాలు, వేల రూపాయల కంప్యూటరు పోవడానికి. పాత రోజుల కార్బురేటరు బండ్లకు చెల్లిన విద్య ఇది, ఇప్పటి బండ్ల మీద ప్రయోగించవద్దు.

బ్యాటరీయే కారణమా అన్నది కూడా తేల్చుకోవాలి. సెల్ఫ్ కొట్టినప్పుడు టకటకటక అని వరుసగా శబ్దం వచ్చి డాష్‌బోర్డు లైట్లు మసకబారితే బ్యాటరీలో ఛార్జి లేదు, జంప్ స్టార్టరుకు పని ఉంది. ఒక్కసారి టక్ అని ఆగిపోయి, హెడ్‌లైట్లు మాత్రం దేదీప్యమానంగా వెలుగుతుంటే సెల్ఫ్ మోటారునో, దానికి కరెంటు కలిపే స్విచ్చి సోలెనాయిడ్‌నో అనుమానించండి. సెల్ఫ్ హుషారుగా తిరుగుతూ ఇంజిను అందుకోకపోతే ఇంధనం వైపు చూడాలి. అసలేమీ వెలగకపోతే ముందు టెర్మినల్‌ను చేత్తో కదిపి చూడండి. వదులుగా ఉండటం, తెల్లగానో పచ్చగానో పొర పేరుకోవడం చాలా మామూలు. వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగి, 10 నంబరు పానాతో బిగిస్తే లేచిన బండ్లు బోలెడు. దానికి నాలుగు వేలు అక్కర్లేదు.

తోసి స్టార్ట్ చేయవచ్చు కదా అంటారా? మాన్యువల్ గేర్ల బండి అయి, బ్యాటరీలో కాస్తయినా ప్రాణం ఉంటే చేయవచ్చు. ఇప్పటి బండ్లలో పెట్రోలు పంపుకూ, ఇంజెక్టర్లకూ, కంప్యూటరుకూ కరెంటు కావాలి. పూర్తిగా ఖాళీ అయితే ఊరంతా వచ్చి తోసినా లాభం లేదు. ఆటోమేటిక్ అయితే ఆ ఆలోచనే వద్దు.

వాడేటప్పుడు తొందర పడకండి. ఏసీ, లైట్లు, పాటలు అన్నీ ఆపండి. డబ్బాలో కనీసం మూడు వంతుల ఛార్జి ఉండాలి. ఎర్ర క్లిప్పు ప్లస్ టెర్మినల్‌కు, నల్లది ఇంజిను మీదో చాసిస్ మీదో రంగు లేని ఇనుప భాగానికి. నల్లది బ్యాటరీ మైనస్ మీద పెట్టవద్దనడానికి రెండు కారణాలున్నాయి. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది, గాలిలో 4 శాతం చేరితే నిప్పురవ్వకు అంటుకుంటుంది. పైగా కొత్త కార్లలో మైనస్ టెర్మినల్ మీద బ్యాటరీ సెన్సరు ఉంటుంది, క్లిప్పు దానికి అవతల ఎర్తుకు, అంటే ఆ ఇనుప భాగానికి, పట్టిస్తేనే కారు లెక్కలు సరిగ్గా ఉంటాయి. తగిలించాక ఒకటి రెండు నిమిషాలు ఆగండి. ఆ కాస్త సమయంలో ఖాళీ బ్యాటరీ వోల్టేజీ పైకి లేస్తుంది, తొలి ప్రయత్నంలోనే అందుకునే అవకాశం బాగా పెరుగుతుంది. చాలామంది చేయనిది ఇదే. డీజిలు బండిలో గ్లో ప్లగ్ (ఇంజిను లోపల ముందుగా వేడి పుట్టించేది) లైటు ఆరేదాకా కూడా ఆగాలి. సెల్ఫ్ మూడు నాలుగు సెకన్లకు మించి కొట్టకండి. అందుకోకపోతే నిమిషం ఆగి మళ్లీ ప్రయత్నించండి. మూడోసారికీ కాకపోతే ఇక ఆపేయండి, సమస్య వేరే చోట ఉంది.

ఇంజిను అందుకున్న అర నిమిషంలోపే క్లిప్పులు తీసేయాలి. డైనమో 14 వోల్టుల పైన ఇస్తుంది, 12.6 దగ్గర నిండిపోయే లిథియం సెల్స్‌లోకి అది ఎదురు ఎక్కకూడదు. మంచి కంపెనీలు అడ్డుకట్ట పెడతాయి. నాసిరకంలో అది ఉందో లేదో విప్పి చూస్తే గానీ తెలియదు.

‘బూస్ట్’ అనే మీట గురించి విడిగా చెప్పాలి. బ్యాటరీ రెండు మూడు వోల్టులకు పడిపోతే డబ్బాకు అక్కడ బ్యాటరీ ఉన్నట్టే తెలియదు, కరెంటు వదలదు. అప్పుడు ఈ మీట నొక్కితే బలవంతంగా వదులుతుంది. ఆ క్షణం నుంచి తలకిందులుగా తగిలిస్తే కాపాడే రక్షణ కూడా ఉండదు. ఎరుపు నలుపు తారుమారైతే మెయిన్ ఫ్యూజు, డైనమో లోపలి డయోడ్లు ఎగిరిపోతాయి. చీకట్లో, వానలో, పక్కన పిల్లలు ఏడుస్తుండగా దాన్ని నొక్కకండి. టార్చి వేసి ప్లస్ గుర్తు కళ్లారా చూశాకే నొక్కండి.

స్టార్ట్ అయ్యాక పది నిమిషాలు చుట్టూ తిప్పి మళ్లీ సెల్లారులో పెడితే రేపు ఇదే కథ. అంత ఖాళీ అయిన బ్యాటరీని డైనమో ఒక్క ప్రయాణంలో నింపలేదు. బయటి ఛార్జరుతో రాత్రంతా పెట్టడం మేలు. సెల్లారులో మీ పార్కింగు దగ్గర ప్లగ్గు ఉంటే, ఎప్పుడూ తగిలించి ఉంచి బ్యాటరీని నిండుగా ఉంచే చిన్న మెయింటెనెన్స్ ఛార్జరు కొనుక్కుంటే జంప్ స్టార్టరు అవసరమే తగ్గిపోతుంది.

దాచడం సంగతి మన ప్రాంతంలో చాలా ముఖ్యం. ఎండలో మూసి ఉన్న కారు లోపల 60 డిగ్రీలు దాటుతుంది. లిథియం సెల్స్‌కు అది విషం, ఉబ్బిపోతాయి. ఉబ్బిన డబ్బాను ఇక వాడకండి, ఛార్జింగుకూ పెట్టకండి, మామూలు చెత్తలో వేయకుండా ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకు ఇవ్వండి. సెల్లారులో ఉండే కారులో అయితే పెట్టుకోవచ్చు, బయట ఎండలో నిలిపే కారులో వద్దు. ప్రయాణానికి వెంట తీసుకెళ్లి, దిగేటప్పుడు ఇంట్లోకి తెచ్చుకోండి. డిక్కీలో మాత్రం పెట్టకండి. చాలా కార్లలో డిక్కీ తెరుచుకోవడానికి కూడా కరెంటు కావాలి, బ్యాటరీ పోయిన రోజు జంప్ స్టార్టరు లోపల, మీరు బయట. రిమోటులో దాగి ఉండే ఇనుప తాళంచెవితో ముందు తలుపు తెరవడం కూడా ఇప్పుడే ఒకసారి సాధన చేయండి. రెండు మూడు నెలలకోసారి ఛార్జి చూసుకోవాలి. బండికి నిమ్మకాయలు కట్టే అలవాటుంటే ఆ అమావాస్య నాడే దీన్నీ ఓసారి చూస్తే సరి, గుర్తుంటుంది.

నాన్నగారి బండి ఎండలోనే ఉంటుందంటే, పట్టుబట్టి ఏదో ఒకటి లోపల ఉంచాలంటే, సూపర్ కెపాసిటరు రకం చూడండి. దానిలో లిథియం సెల్స్ ఉండవు, వేడికీ చలికీ బాగా తట్టుకుంటుంది. డౌన్ అయిన బ్యాటరీలో మిగిలిన కాస్త కరెంటునే కొన్ని నిమిషాల్లో పీల్చి పోగుచేసుకుని ఒక్కసారిగా వదులుతుంది. బ్యాటరీ పూర్తిగా అడుగంటితే వేరే బండి నుంచి దాన్ని నింపుకోవాలి. ధర ఎక్కువే. అంతకంటే ముందు ఆ డబ్బుతో ఆయన బ్యాటరీని కొట్టులో లోడ్ టెస్టు (ఎక్కువ కరెంటు లాగి వోల్టేజీ ఎంత నిలుస్తుందో చూసే పరీక్ష) చేయించండి, పోయే దశలో ఉంటే మార్చేయండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 వోల్టుల కిందికి పడిపోతుంటే ఇక ఆలోచించాల్సింది లేదు.

అన్నయ్య చేత తెప్పించుకోవడంలో తప్పు లేదు గానీ, ఆయన అక్కడ కొనే కారణాలు వేరు. షికాగో చలిలో ఆయిలు చిక్కబడుతుంది, బ్యాటరీ నీరసిస్తుంది, రాత్రంతా కారులో వదిలేస్తే జంప్ స్టార్టరు కూడా మొద్దుబారుతుంది. అందుకే అక్కడ పెద్దది కొని ఇంట్లో వెచ్చగా దాచుకోవాలి. మీకు అంత పెద్దది అక్కర్లేదు. తెస్తే మాత్రం చెకిన్ సామానులో పెట్టకూడదు, చేతి సంచిలోనే రావాలి. 100 వాట్ అవర్ల వరకు మామూలుగా ఒప్పుకుంటారు, 100 నుంచి 160 మధ్య అయితే విమాన సంస్థ అనుమతి కావాలి. డబ్బా మీద వాట్ అవర్లు అచ్చువేసి లేకపోతే భద్రతా తనిఖీలో ఆపేయవచ్చు.

కొన్నది ఏదైనా, వాపసు గడువు లోపలే పరీక్షించండి. సెలవు రోజు ఇంటి దగ్గరే కారు ఆపి, బల్బు రకం హెడ్‌లైట్లయితే రెండు గంటలు వెలిగించి వదిలేయండి, సుమారు 20 ఆంపియర్ అవర్లు ఖర్చవుతాయి. సెల్ఫ్ తిరగడం మానేశాక డబ్బా తగిలించి చూడండి. స్టార్ట్ అయితే అదే రోజు ఛార్జరుతో బ్యాటరీని పూర్తిగా నింపండి, ఖాళీగా ఉంచితే సల్ఫేటు పడుతుంది. ఈ పరీక్ష ఒక్కసారికే, మళ్లీ మళ్లీ చేస్తే బ్యాటరీ చెడుతుంది. మీ 1.2 లీటర్ల ఇంజినును కూడా లేపలేకపోతే అట్టపెట్టెతో సహా వెనక్కి పంపేయండి.